దైవసహాయం గారి పదకొండు ఉద్యోగాలు

గెడ్డం దైవసహాయం గారు పశుసంవర్ధక శాఖలో ఇరవై నాలుగేళ్లు పనిచేసి, ఒక్క మెమో కూడా అందుకోకుండా సీనియర్ అసిస్టెంటు దాకా వచ్చిన మనిషి. సర్వీసు మొత్తంలో ఆయన చేసిన దుడుకు పని ఒక్కటే. ఓ వేసవిలో "ఎండదెబ్బ నుంచి గేదెల రక్షణ" అనే కరపత్రం అచ్చుకి వెళుతుంటే, అడుగున తన పేరుతో నాలుగు వాక్యాలు చేర్చాడు. ఆ కరపత్రం ఎక్కడెక్కడో తిరిగి రాజధానిలో కంప్యూటరుకెక్కింది. మూడేళ్ల తర్వాత ప్రభుత్వం వాతావరణ మార్పుల మీద అనుభవం ఉన్న ఉద్యోగుల కోసం వెతికితే, ఆ ప్రాంతం మొత్తానికి కంప్యూటరు ఆయన పేరొక్కటే చూపించింది.

అప్పటికి తీరాన్ని ఐదు ప్రాంతాలుగా విడగొట్టి, ఒక్కో ప్రాంతానికీ ఒక్కో "ప్రాంతీయ వాతావరణ స్థితిస్థాపకతా ప్రణాళికా విభాగం" ఏర్పాటు చేశారు. జనానికి ఆ పేరు నోరు తిరగక తుపానాఫీసు అన్నారు. సోమరాజులంక తుపానాఫీసుకి పదకొండు పోస్టులు మంజూరయ్యాయి. డైరెక్టరు, ముంపుకి ఒక డిప్యూటీ డైరెక్టరు, ఎండలకి ఒక డిప్యూటీ డైరెక్టరు, సాంకేతిక నిపుణుడు, సూపరింటెండెంటు, సీనియర్ అసిస్టెంటు, జూనియర్ అసిస్టెంటు, టైపిస్టు, డ్రైవరు, అటెండరు, వాచ్‌మన్. జీపు మంజూరు కాలేదు గాని డ్రైవరు పోస్టు మంజూరైంది.

దైవసహాయానికి ఒకే రోజు పదకొండు కవర్లు వచ్చాయి. మొదటి కవరులో సీనియర్ అసిస్టెంటుగా డెప్యుటేషను. మిగతా పదింటిలోనూ "సదరు పోస్టు భర్తీ అయ్యేంతవరకు పూర్తి అదనపు బాధ్యతలు" అని ఉంది. సాయంత్రం ఇంటికెళ్లి భార్యకి అన్నీ వరసగా చదివి వినిపించాడు. కరుణమ్మ అంగన్‌వాడీ టీచరు. పదిహేనేళ్లుగా నలభై మంది పిల్లల్ని సంబాళిస్తున్న మనిషి కాబట్టి తొందరగా ఆశ్చర్యపోదు.

"డైరెక్టరు కూడా మీరేనా?" అంది.

"అటెండరు కూడా నేనే."

"అయితే డైరెక్టరు గారికి కాఫీ ఎవరిస్తారు?"

"నేనే ఇవ్వాలి. జాబ్ చార్టులో ఉంది" అన్నాడు దైవసహాయం గంభీరంగా.

ఆ విధంగా సముద్రపు ఒడ్డున ఉన్న అరవై మూడు ఊళ్లని తుపానుల నుంచి కాపాడే భారం మొత్తం దైవసహాయం మీద పెట్టినట్టు ప్రభుత్వం గెజెట్‌లో ప్రకటించింది. గెజెట్ కాబట్టి ఎవరూ నవ్వలేదు.

ఆఫీసు పాత సహకార సంఘం గోదాము మేడ మీద. కింద ఎరువు బస్తాలు, పైన పదకొండు కుర్చీలు, పదకొండు బల్లలు, నాలుగు వందల పేజీల కార్యవిధాన గ్రంథం, ఒక వేలిముద్రల హాజరు యంత్రం. మొదటి రోజు ఆయన బొటనవేలు పెట్టగానే "డైరెక్టరు హాజరు" అంది యంత్రం. రెండోసారి అదే వేలు పెడితే "హాజరు ఇదివరకే నమోదైంది" అంది. ముఖ్య కార్యాలయానికి ఫోను చేస్తే, ఒక్కో పోస్టుకి ఒక్కో వేలిముద్ర ఉండి తీరాలన్నారు. పది వేళ్లకి పది పోస్టులు సరిపోయాయి. వాచ్‌మన్ మిగిలిపోయాడు. దైవసహాయం ఒక పూటంతా ఆలోచించి, చెప్పు విప్పి, కుర్చీ పట్టుకుని కాలి బొటనవేలు పెట్టాడు. "వాచ్‌మన్ హాజరు. ధన్యవాదాలు" అంది యంత్రం.

అన్నిటికీ తనే కదా అని ఫైళ్లన్నీ ఒకే కుర్చీలో కూర్చుని చూసేద్దామని మొదట అనుకున్నాడు. గ్రంథం ఒప్పుకోలేదు. ప్రతి కాగితం కింది నుంచి పైకి అంచెలంచెలుగా నడవాలని, ప్రతి అంచెలోనూ అధికారి "తన స్వతంత్ర బుద్ధిని వినియోగించినట్టు" నోటులో కనపడాలని అందులో ఉంది. అంచెలు తప్పిస్తే క్రమశిక్షణ చర్య. ఇరవై నాలుగేళ్లు మెమో లేకుండా బతికిన మనిషి ఇప్పుడు కొత్తగా తెచ్చుకోలేడు. జూనియర్ అసిస్టెంటు కుర్చీలో కూర్చుని నోటు రాసేవాడు. లేచి సీనియర్ అసిస్టెంటు కుర్చీలోకి వెళ్లి చదివి సంతకం పెట్టేవాడు. తర్వాత సూపరింటెండెంటు కుర్చీ. ఒక్కో ఫైలుకి ఇరవై అడుగులు నడిచేవాడు.

విచిత్రం ఏమిటంటే, సూపరింటెండెంటు కుర్చీలో కూర్చోగానే ఆయనకి తప్పులు కనపడేవి. పేజీ నంబర్లు వేయలేదు. పాత లేఖ సంఖ్య రాయలేదు. "చర్చించండి" అని ఎర్రసిరాతో రాసి వెనక్కి పంపేవాడు. జూనియర్ అసిస్టెంటు కుర్చీలోకి వచ్చి ఆ ఎర్రసిరా చూడగానే ఆయనకి మనసు చివుక్కుమనేది. పొద్దుణ్నుంచి ఒక్కడూ చస్తూ చేస్తుంటే, ఒక్క మంచిమాట అనకూడదా ఈ సూపరింటెండెంటు?

ఆర్నెల్లకి వీడియో సమావేశం పెట్టారు. ముఖ్య కార్యాలయంలో జాయింట్ డైరెక్టరు సకలేశ్వరరావు తెర మీదకి వచ్చాడు. ఆయన మాట్లాడితే ప్రతి వాక్యం శిలాఫలకం మీద చెక్కినట్టు ఉంటుంది.

"మనం ప్రస్తుతం సంసిద్ధతకి సంసిద్ధమయ్యే దశలో ఉన్నాం. ఈ దశని మనం పటిష్ఠంగా పూర్తిచేస్తే, తర్వాతి దశలో సంసిద్ధత దానంతటదే సమకూరుతుంది. సోమరాజులంక, మీ సమస్యలేమైనా ఉంటే నివేదించండి."

"సిబ్బంది కావాలి సార్. ఒక్కణ్నే ఉన్నాను" అన్నాడు దైవసహాయం.

సకలేశ్వరరావు కాగితం తిరగేశాడు. "మీ విభాగంలో మంజూరైన పోస్టులు పదకొండు. రోజువారీ హాజరు పదకొండు. ఖాళీలు సున్నా. రాష్ట్రంలో ఇంత నిండుగా ఉన్న విభాగం ఇంకోటి లేదు దైవసహాయం గారూ. మిమ్మల్ని ఆదర్శంగా చూపిస్తున్నాం."

"ఆ పదకొండు వేళ్లూ నావే సార్."

"వేళ్లు ఎవరివన్నది యంత్రం అడగదు. యంత్రం అడగనిది నివేదికలోకి రాదు. అయినా, అదనపు సిబ్బంది కావాలంటే పనిభారం మదింపు నివేదిక పంపండి. ఆ మదింపుని పనిభారం లేని అధికారి ఎవరైనా తీరుబడిగా చేయాలి. మీ దగ్గర అలాంటి అధికారి ఎవరున్నారు?"

దైవసహాయం చుట్టూ ఉన్న పది కుర్చీల వంక చూశాడు. "డ్రైవరు సార్" అన్నాడు. జీపు లేదు కాబట్టి.

"డ్రైవరు గెజిటెడ్ కాదు" అన్నాడు సకలేశ్వరరావు విచారంగా. సమావేశం ముగిసింది.

మల్లాడి ధనమ్మ ఆఫీసుకి మొదటిసారి వచ్చింది ఆ వారంలోనే. గుల్లలదిబ్బ ఊరి వార్డు మెంబరు. యాభై ఏళ్లుంటాయి. ఎండుచేపల వ్యాపారం. మేడమెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"డైరెక్టరు గారున్నారాండీ?"

ఆ సమయానికి దైవసహాయం అటెండరు స్టూలు మీద ఉన్నాడు. "పనేమిటో చెప్పండమ్మా, లోపలికి చెబుతాను" అన్నాడు.

ఆమె చెప్పింది. గుల్లలదిబ్బ దగ్గర మురుగు కాలవ ఉప్పుటేట్లో కలిసే చోట ఒక తూము ఉంది. దాని ఇనప తలుపు దించితే సముద్రపు నీరు ఊళ్లోకి రాదు, ఎత్తితే వాన నీరు బయటికి పోతుంది. ఆ తలుపు సగంలో ఇరుక్కుని మూడేళ్లయింది. ఎత్తడానికీ లేదు, దించడానికీ లేదు. లోపల గేరు పళ్లు విరిగాయని లస్కరు సూరన్న చెబుతున్నాడు. సూరన్న ముప్పై ఏళ్లుగా ఆ తూము దగ్గర నీళ్లు చూసే మనిషి. బాగుచేద్దామంటే, రాజధాని నుంచి వచ్చినవాళ్లు ఆ తూముని "కీలక వాతావరణ ఆస్తి"గా గుర్తించి, తుపానాఫీసుకి అప్పగించి, గేరు పెట్టెకి లక్క సీలు వేసి వెళ్లిపోయారు. ముట్టుకుంటే కేసు.

"పోయినేడు తుపానుకి మా అత్తగారు మంచం మీదే పోయారండి. నడవలేదు కదా. ఆవిణ్ణి ఎత్తుకుందామని నేనొచ్చేలోపే నీళ్లొచ్చేసినాయండి. మోకాటి దాకా అనుకున్నాను, ఇంట్లోకెళ్లేసరికి పీక దాకా ఉన్నాయి." ఆమె ఏడవలేదు. ఆ నీటి మట్టం ఎంతో చేత్తో చూపించిందంతే. "ఆ తలుపొకటి దిగితే సాలండి. ఇంకేటీ అడగను."

దైవసహాయం స్టూలు మీద నుంచి లేచాడు. అర్జీ తీసుకుని, జూనియర్ అసిస్టెంటు బల్ల దగ్గరికి వెళ్లి, ముద్ర వేసి, రసీదు ఇచ్చాడు. ఆమె పదకొండు కుర్చీలనీ, వాటి మధ్య తిరుగుతున్న ఒక్క మనిషినీ చూసింది.

"అన్నీ మీరేనేటండి?"

"ప్రస్తుతానికి."

"అయితే తొందరగానే అయిపోద్ది" అని సంతోషంగా వెళ్లిపోయింది.

మర్నాడు దైవసహాయం జీవితంలో ఎన్నడూ లేనంత వేగంగా ఫైలు నడిపించాడు. జూనియర్ అసిస్టెంటు ఏడ్పు వచ్చేలా నోటు రాశాడు. సూపరింటెండెంటు ఒక్క పేజీ నంబరు కూడా తప్పు పట్టలేదు. ముంపు డిప్యూటీ డైరెక్టరు "అత్యవసరం" అని ఎర్రసిరాతో రెండు గీతలు గీశాడు. మధ్యాహ్నానికి ఫైలు డైరెక్టరు బల్ల మీదికి వచ్చింది. సంతకం పెట్టబోతూ, గ్రంథంలో నూట డెబ్భైమూడో పేజీ గుర్తొచ్చి ఆగిపోయాడు. "ప్రతిపాదించిన వ్యక్తే ఆమోదించరాదు."

సకలేశ్వరరావుకి ఫోను చేశాడు.

"నిజమే" అన్నాడాయన. "అయితే ప్రభుత్వం మానవీయమైనది. మినహాయింపు ఉంది. అధికారులు ఒకరి ప్రభావానికి ఒకరు లోనుకాలేదని, స్వతంత్రంగా ఆలోచించారని ఫైలు రుజువు చేస్తే, ఒకే వ్యక్తి అయినా అభ్యంతరం లేదు."

"ఎలా రుజువు చేయాలి సార్?"

"కనీసం ఒక అధికారి గట్టిగా వ్యతిరేకించాలి. ఆ వ్యతిరేకతని ఇంకో అధికారి సహేతుకంగా ఖండించాలి. అప్పుడు డైరెక్టరు ఇరుపక్షాలనీ తూచి నిర్ణయం తీసుకోవాలి. అది పాలన. అందరూ ఊ అంటే అది కుమ్మక్కు."

దైవసహాయం ఫైలు తీసుకుని ఎండల డిప్యూటీ డైరెక్టరు కుర్చీలోకి వెళ్లాడు. ఆ కుర్చీలో పెద్దగా పని ఉండేది కాదు. ఏడాదికి రెండు నెలలు చెమట పట్టడం, మిగతా పది నెలలు ఖాళీ. తూతూమంత్రంగా నాలుగు ముక్కలు వ్యతిరేకంగా రాసి, పక్క కుర్చీలోకి వెళ్లి వాటిని ఖండించి, సాయంత్రానికి సంతకం పెట్టేద్దామని అనుకున్నాడు. కాని ఆయనకి తూతూమంత్రంగా ఏ పనీ చేతకాదు. స్వతంత్ర బుద్ధిని వినియోగించమన్నారు కాబట్టి వినియోగించాడు.

"సదరు తలుపు గేరు మారిస్తే తలుపు పనిచేస్తుంది" అని రాశాడు. "పనిచేసే తలుపుని ఎత్తడానికీ దించడానికీ మనిషి కావాలి. ఆ మనిషికి పోస్టు లేదు. మనిషి లేకుండా పనిచేసే తలుపు, పనిచేయని తలుపు కన్నా ప్రమాదకరం; ఎందుకనగా దించి ఉంచితే వాన నీటితో ఊరు మునుగును, ఎత్తి ఉంచితే సముద్రపు నీటితో మునుగును. సగంలో ఆగిన తలుపు రెండు ప్రమాదాలనూ సమానంగా పంచుతున్నది. కావున ప్రస్తుత సిబ్బంది బలానికి తగిన తలుపు, ఇరుక్కుపోయిన తలుపే."

ముంపు డిప్యూటీ డైరెక్టరు కుర్చీలోకి వచ్చి దాన్ని చదువుకున్నాడు. ఒకసారి, రెండుసార్లు. ఏ వాక్యం చూసినా సరిగ్గానే ఉంది. మూడు రోజులు ఆ కుర్చీలోనే కూర్చున్నాడు.

ఇంట్లో ఆయన పరధ్యానం కరుణమ్మ కనిపెట్టింది. "ఎవరితోనండీ గొడవ?" అని అడిగింది.

"ఎండల డిప్యూటీ డైరెక్టరుతో. మొండి మనిషి. ఒక పట్టాన వినడు. అంతకంటే ఘోరం, తెలివైనవాడు."

"ఒకసారి భోజనానికి పిలవండి. నేను మాట్లాడతాను."

"రోజూ వస్తూనే ఉన్నాడు" అన్నాడు దైవసహాయం, పెరుగు కలుపుకుంటూ.

కరుణమ్మ ఆయన కంచంలో ఇంకో గరిటె పెరుగు వేసింది. "అలాగా. అయితే ఆయనకి నా మాటగా చెప్పండి. ఆ తూముని నమ్ముకుని నా అంగన్‌వాడీ పిల్లలు పన్నెండు మంది ఉన్నారు" అంది.

ఆ సంగతి చేర్చి ఖండన మొదలుపెట్టాడు. అది సీనియర్ అసిస్టెంటు దగ్గరికి వెళ్లి, సాంకేతిక నిపుణుడి అభిప్రాయానికి వచ్చి, "పిల్లల సంఖ్యని నిర్ధారించండి" అన్న ప్రశ్నతో టైపిస్టు దగ్గర ఉండగా, బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టింది.

మంగళవారం బులెటిన్ వచ్చింది. గురువారం మధ్యాహ్నం తీరం దాటుతుందని, అలలు మామూలు కంటే నిలువెత్తు ఎక్కువ లేస్తాయని. బులెటిన్ విభాగానికి వస్తే దాన్ని అరవై మూడు ఊళ్లకి ఫోన్లో చెప్పడం ఆయన పని. బుధవారం మధ్యాహ్నం దాకా చెబుతూనే ఉన్నాడు. గొంతు పోయింది. గుల్లలదిబ్బ నంబరు కలిపేసరికి, ఫోను మోగుతున్న చప్పుడు మెట్ల మీద నుంచే వినిపించింది. ధనమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"తలుపు సంగతేటండి?"

"పైకి వచ్చి కిందికి వెళ్లిందమ్మా. ఇప్పుడు టైపిస్టు దగ్గర ఉంది."

"టైపిస్టెవరు?"

దైవసహాయం తలదించుకున్నాడు.

ఆమె ఒక్కో కుర్చీ దగ్గరికీ వెళ్లింది. ఒక్కో బల్ల మీదా ఉన్న పేరు పలక మీద చెయ్యి వేసి చూసింది. చదువు రాదు; అయినా పలకలు లెక్కపెట్టింది. "ఈళ్లందరికీ దణ్ణం పెట్టి అడగమంటే అడుగుతానండి. ఇందులో ఎవరు మంచోళ్లు?"

"అందరూ మంచివాళ్లే. ఎవరి చేతుల్లోనూ లేదు."

ఆమె బయటికి వెళ్లిపోబోయి, మళ్లీ వెనక్కి తిరిగింది. కోపం కూడా అయిపోయిన గొంతుతో అంది: "పోనీ ఈ ఉజ్జోగాలన్నీ ఇక్కడెట్టేసి, మీరొక్కరూ రండి బాబూ. ఆఫీసరొద్దు మాకు. చెయ్యేసేవోళ్లు కావాలి."

ఆమె వెళ్లాక దైవసహాయం చాలాసేపు ఏ కుర్చీలోనూ కూర్చోకుండా గది మధ్యలో నిలబడ్డాడు. ఆర్నెల్లుగా ఆ గదిలో ఆయన అలా నిలబడింది లేదు. తర్వాత జూనియర్ అసిస్టెంటు బల్ల దగ్గరికి వెళ్లి, తెల్ల కాగితం తీసుకుని, గురువారానికి ఒక రోజు సెలవు కోరుతూ దరఖాస్తు రాశాడు. కారణం: సొంత పని. తర్వాత సీనియర్ అసిస్టెంటుగా ఒకటి, టైపిస్టుగా ఒకటి. వాచ్‌మన్ దాకా పది దరఖాస్తులు. డైరెక్టరు కుర్చీలో కూర్చుని పదీ మంజూరు చేశాడు. సిబ్బంది ఆర్నెల్లుగా ఒక్క సెలవు కూడా వాడలేదని, కష్టపడే మనుషులని మెచ్చుకుంటూ ఒక వాక్యం కూడా రాశాడు. డైరెక్టరు సెలవు మంజూరు చేయాల్సింది ముఖ్య కార్యాలయం. "మంజూరవుతుందన్న నమ్మకంతో వెళుతున్నాను" అని రాసి టపాలో వేశాడు. ఆఫీసుకి తాళం వేసి, వెనక్కి చూడకుండానే మెట్లు దిగాడు.

గురువారం పొద్దున్న తొమ్మిదింటికి గుల్లలదిబ్బ తూము దగ్గర పాతిక మంది చేరారు. ఆకాశం మసిగుడ్డలా ఉంది. గాలి అప్పుడే చెవుల్లో ఈల వేస్తోంది. పడవల రేవు నుంచి గొలుసు కప్పీ తెచ్చారు. ఇసక బస్తాలు నింపారు. సూరన్న గేరు పెట్టె పక్కన గొంతుక్కూచున్నాడు.

"పెట్టె తెరిచి, ఇరిగిన పళ్లు తీసేసి, స్క్రూ రాడ్డుకి గ్రీజు కొడితే, కప్పీతో దించొచ్చండి. బస్తాలు బరువేస్తే దిగుద్ది" అన్నాడు. "కాని సీలండీ. ఇది పగిలితే నా పెన్షను కూడా పోద్ది."

"సీలు ఎవరు వేశారు?" అన్నాడు దైవసహాయం.

"మీ ఆఫీసు పేరు మీదేనండి."

"మా ఆఫీసులో ఇవాళ ఎవరూ లేరు. అందరూ సెలవు."

"మరి తవరో?"

దైవసహాయం లుంగీ ఎగ్గట్టాడు. ఆర్నెల్ల తర్వాత ఆ ప్రశ్నకి ఒక్క ముక్కలో చెప్పగలిగే జవాబు దొరికింది. "అంగన్‌వాడీ టీచరు గారి భర్తని" అన్నాడు.

కాలవ గట్టు మీద నుంచి ఒక రాయి తీసుకున్నాడు. ఇరవై నాలుగేళ్లలో ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితం మీద నీళ్ల చుక్క కూడా పడనివ్వని చేత్తో దాన్ని పైకెత్తాడు. మొదటి దెబ్బకి లక్క చెక్కులు లేచింది. రెండో దెబ్బకి పెట్టె తెరుచుకుంది. లోపల తుప్పు, ఉప్పు, ఒక ఎండ్రకాయ.

మధ్యాహ్నం పన్నెండు దాకా లాగారు. మొదట తలుపు కదల్లేదు. బస్తాలు రెట్టింపు చేశారు. ధనమ్మా, ఇంకో పదిమంది ఆడవాళ్లూ గొలుసు పట్టుకుంటే, దైవసహాయం రాడ్డు పట్టుకుని తిప్పాడు. రాడ్డు జారి ఆయన కుడి అరచేయి తోలు లేచిపోయింది. తువ్వాలు చుట్టుకుని మళ్లీ పట్టుకున్నాడు. ఉన్నట్టుండి ఇనుము పెద్దగా మూలిగింది. తలుపు జానెడు దిగింది. ఇంకో జానెడు. తర్వాత మూడేళ్ల బాకీ ఒక్కసారిగా తీర్చుకున్నట్టు దడాలున బురదలోకి దిగిపోయింది. కేక వేయడానికి కూడా ఎవరికీ ఓపిక లేదు.

అందరూ బడి మేడ మీదికి చేరుకున్నారు. మూడింటికి సముద్రం లేచింది. కట్ట అవతల నీళ్లు తూము నెత్తిమీద దాకా వచ్చి, తలుపుని గుద్ది, గుద్ది, వెనక్కి తగ్గడం మేడ మీద నుంచి వాళ్లు చూశారు. కట్టకి ఇవతల వాన నీళ్లు చీలమండల దాకా నిలిచాయి. సాయంత్రం గాలి తగ్గాక, పోటు తీసిందని చూసి, సూరన్న వెళ్లి తలుపుని కప్పీతో ఎత్తితే ఆ నీళ్లు కూడా పోయాయి. ధనమ్మ ఇంటికెళ్లి, అత్తగారి నులకమంచం మీద చెయ్యి వేసి చూసింది. పొడిగా ఉంది. అప్పుడు ఏడ్చింది.

శుక్రవారం దైవసహాయం ఆఫీసుకి వెళ్లాడు. అరచేతికి కట్టు ఉంది కాబట్టి యంత్రం ఐదు పోస్టుల్ని గైర్హాజరు చేసింది. నష్టం వివరాల పట్టిక వచ్చింది. ఇరవై మూడు గడులు. మరణాలు, ఇళ్లు, పశువులు, పడవలు. ఏటా గుల్లలదిబ్బ మీదుగానే నీళ్లు మిగతా ఊళ్లకీ పాకేవి కాబట్టి, అన్నిటిలోనూ "లేదు" అని రాసి పంపాడు. గంటలో సకలేశ్వరరావు ఫోను చేశాడు.

"దైవసహాయం గారూ, మీ ప్రాంతానికి తుపాను వచ్చిందా?"

"వచ్చింది సార్."

"వచ్చినట్టు పట్టికలో ఆధారం లేదే. మిగతా నాలుగు ప్రాంతాల్లోనూ అపార నష్టం. అక్కడ సిబ్బంది మొత్తం రాత్రింబవళ్లు కార్యాలయంలోనే ఉండి ఫైళ్లు నడిపారు. మీ దగ్గర చూస్తే పదకొండు మందీ సెలవు. దీనికి మీ సంజాయిషీ?"

"సొంత పని సార్."

"పదకొండు మందికీ ఒకేరోజు సొంత పనా?"

"అందరిదీ ఒకే ఊరు సార్."

పగిలిన సీలు మీద విచారణకి ఆదేశించారు. విచారణాధికారిగా స్థానిక డైరెక్టరుని నియమించారు. దైవసహాయం వాచ్‌మన్ వాంగ్మూలం తీసుకున్నాడు; ఆ రోజు తాను సెలవులో ఉన్నందున ఎవరినీ చూడలేదని వాచ్‌మన్ చెప్పాడు. గుర్తుతెలియని వ్యక్తి కోసం గాలింపు కొనసాగుతున్నదని నివేదిక పంపాడు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఆ వ్యక్తి ఎవరో, ఇన్నాళ్లూ ఎక్కడున్నాడో ఆయనకి కూడా అర్థం కాలేదు.

నెల తర్వాత రాజధానిలో ఉన్నతస్థాయి సమీక్ష జరిగింది. ఐదు ప్రాంతాల హాజరునీ, ఐదు ప్రాంతాల నష్టాన్నీ పక్కపక్కన పెట్టి ఒక సలహా సంస్థ గ్రాఫు గీసింది. హాజరు నూరు శాతం ఉన్న చోటల్లా నష్టం ఎక్కువ. హాజరు సున్నా ఉన్న చోట నష్టం సున్నా. ఇంత స్పష్టమైన గ్రాఫుని తమ సర్వీసులో చూడలేదని పెద్దలు ఒప్పుకున్నారు. సకలేశ్వరరావు గారు తానే స్వయంగా ముసాయిదా రాశారు. "తుపాను హెచ్చరిక వెలువడిన వెంటనే విభాగాల సిబ్బంది యావన్మందీ తప్పనిసరి సెలవుపై వెళ్లవలెను. హాజరైనవారిపై చర్య తీసుకొనబడును. అత్యవసర సమయాల్లో సిబ్బంది అవసరం లేదని తేలినందున, అదనపు సిబ్బంది కోరుతూ వచ్చిన ప్రతిపాదనలు ఇందుమూలంగా ముగించబడినవి."

నవంబరులో మళ్లీ వాయుగుండం. బులెటిన్ వెనకే సెలవు ఉత్తర్వు వచ్చింది. దైవసహాయం అరవై మూడు ఊళ్లకీ ఫోన్లు చేసి, ఆఫీసు తలుపుకి "ఉత్తర్వుల మేరకు సెలవు" అని చీటీ అంటించి, పొద్దున్నే గుల్లలదిబ్బ మీదుగా పోయే బస్సెక్కాడు. ఒళ్లో సంచిలో పెద్ద స్పానరు, గ్రీజు డబ్బా, కరుణమ్మ కట్టిచ్చిన పులిహోర.

పక్క సీట్లో సన్నగా, చామనఛాయగా ఉన్న ఒకాయన కూర్చున్నాడు. ఆయన కాళ్ల దగ్గర సంచిలో కూడా ఇనుము గలగలమంటోంది. చినుకులు మొదలయ్యాక దైవసహాయం కిటికీ మూస్తూ అడిగాడు.

"ఎక్కడికండీ?"

"పైన వేటపాకల మొగ దాకానండి. ఇవాళ సెలవు." ఆయన కొంచెం సిగ్గుపడుతూ చెప్పాడు. "దక్షిణ ప్రాంతపు తుపానాఫీసండి మాది. నా పేరు ఖాదర్ వలీ. తొమ్మిది పోస్టులు."

"నావి పదకొండు" అన్నాడు దైవసహాయం.

వలీ గౌరవంగా సర్దుకుని కూర్చున్నాడు. "మా మొగ దగ్గర, ఏరు సముద్రంలో కలిసే చోట, ఓ తూముందండి. తలుపు ఇరుక్కుపోయింది. పోయినసారి ఆఫీసులోనే ఉండిపోయాను, నాలుగిళ్లు కొట్టుకుపోయాయి. ఇవాళ సెలవిచ్చారు కదా, చూద్దామని."

"గ్రీజు ఉందా మీ దగ్గర?"

"లేదండి. వేసవిలో ఇండెంటు పెట్టాను. నా దగ్గరే ఆగిపోయింది."

దైవసహాయం పులిహోర డబ్బా విప్పాడు. ఇద్దరూ తిన్నారు. తర్వాత ఆ ఖాళీ డబ్బాని రుమాలుతో తుడిచి, తన గ్రీజులో సగం వేళ్లతో తీసి అందులో కూరి, మూతపెట్టి వలీ చేతిలో పెట్టాడు.